తప్పెరగని పరశురాం

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్క సందులో కంప్యూటర్లు బాగుచేసే పరశురాం ఇంతవరకు ఒక్క తప్పూ చేసి ఎరగడు. ఏది పాడైనా తప్పు కంపెనీది, లేదా కరెంటుది, అదీ కాకపోతే తెచ్చినవాళ్లది. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, స్క్రూడ్రైవరుతో చెవి గోక్కుంటూ మదర్‌బోర్డు వంక నేరస్థుణ్ణి చూసినట్టు చూస్తాడు. మొన్న, జాకెట్లకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే మంజుల తన సీపీయూ తెచ్చింది. బోర్డు మీది బ్యాటరీ బిళ్ల అయిపోయి తేదీ మాటిమాటికీ వెనక్కి పోతోంది. తేదీ తప్పితే డిజైన్లు తెరుచుకోవు. పరశురాం ఆ బిళ్లను స్క్రూడ్రైవరుతో ఎగదీశాడు. టప్పున బ్యాటరీ హోల్డరు విరిగింది.

“ఇరగ్గొట్టినవా అన్నా?”

“నేనెక్కడ ఇరగ్గొట్టిన? అదే ఇరిగింది. ప్లాస్టిక్ మంచిగ లేదు.”

“సాయంత్రం పెండ్లిపిల్ల జాకెట్ ఇయ్యాలె. లేకుంటే బొంగులూరు నుంచి వాళ్ల ఖాందాన్ అంతా నా ఇంటి మీదికొస్తది.”

“ఫికర్ జేయకు. ఇంటికి పొయ్యి అన్నం తిని రా.”

ఆమె వెళ్లగానే మహానుభావుడు షట్టరు సగం దించి, తన సొంత కంప్యూటర్ విప్పాడు. దాని హోల్డరును సోల్డరింగ్ కడ్డీతో ఊడదీసి, చెమటలు కక్కుతూ ఆమె బోర్డుకు అతికించి, అందులో కొత్త బిళ్ల వేశాడు. మంజుల తిరిగొచ్చేసరికి తెర మీద ఇవాళ్టి తేదీ ఉంది.

“హోల్డరు కొత్తదేసినవా?”

“మరేమనుకున్నవ్? అసలు కంపెనీ మాల్.”

మంజుల చూపు బల్ల మీద విప్పి పడేసిన అతని కంప్యూటర్ మీద పడింది. బోర్డులో హోల్డరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

“నీదెందుకు విప్పినవ్ అన్నా?”

“దుమ్ము దులుపుతున్న.”

“దులుపు దులుపు, మస్తు దుమ్ముంది,” అంటూ ఆమె నవ్వాపుకుని సీపీయూను చంకనెత్తుకుంది.