బావ నేర్పిన ఆడిషన్ మర్యాద

మొన్న ఇబ్రహీంపట్నంలోని నా కుట్టు దుకాణానికి వెనక వీధి అమ్మాయి ఒకతె కొత్త కుర్తా పట్టుకుని వచ్చింది. మర్నాడు సిటీలో సబ్బు ప్రకటనకు ఆడిషన్ ఉందట, నడుము దగ్గర కొంచెం పట్టాలట. "ఆంటీ, మీరు గూడ ఒకసారి యాడ్‌ల చేసిండ్రంట గదా, ఆడ ఎట్లుండాలె జర చెప్పుండ్రి" అంది. చారల బట్ట వద్దని, పిలిచిన వేళకు అరగంట ముందే చేరాలని, మన వంతు అయ్యాక "ఎప్పుడు చెప్తరు" అని అడగకుండా దండం పెట్టి బయటికి రావాలని చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పవలసింది ఉంది. దానికి నోరు రాలేదు. కుర్తాను మిషన్ మీద పెట్టి తల వంచుకున్నాను.

ఈ మర్యాదలన్నీ నాకు నేర్పింది మా బావ, అంటే మా అక్క భర్త. యాచారం రూటులో బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన తెల్ల మీసాన్నీ నిటారు నడకనూ చూసి ముచ్చటపడి, ప్రకటనలకు మనుషుల్ని కుదిర్చే కోఆర్డినేటర్ ఒకాయన ఫోటో తీసుకుపోయాడు. అప్పటి నుంచి ఆయన టీవీ ప్రకటనల్లో ఒకసారి టీపొడి తాత, ఇంకోసారి మోకాళ్ల నూనె తాత. కండక్టరు బుద్ధి మాత్రం పోలేదు. ఆడిషన్ అంటే ఆయనకు డ్యూటీయే. ముందురోజే చొక్కా ఇస్త్రీ, బూట్లకు పాలిష్. అక్కడ హాలులో ఎవరైనా గొప్పలు చెప్పుకుంటుంటే టికెట్ తీయని ప్యాసింజరును చూసినట్టు చూసేవాడు. లోపల నేల మీద టేపు అతికించిన చోటే నిలబడి, పేరూ వయసూ చెప్పి, కుడిపక్క ఒకసారి, ఎడమపక్క ఒకసారి తిరిగి, రెండు చేతులూ చాపి చూపించేవాడు. "కెమెరా ఆయన తిరుగుమంటే గిర్రున తిరుగుతడు. నేను బియ్యం డబ్బ దించుమంటే మెడ పట్టిందంటడు" అనేది మా అక్క.

ఆరేళ్ల కిందట వంటనూనె ప్రకటనకు ముసలి దంపతులు కావాలని కబురొచ్చింది. అక్కకు అప్పటికే గుండె బలహీనం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. "ఆ లైట్ల ముంగట నాకు దమ్మాడది. చెల్లెను తీస్కపో, ఇద్దరం ఒక్క తీర్గనే ఉంటం" అంది బావతో. ఆ పొద్దున తన ఆకుపచ్చ నేతచీర తనే నాకు కట్టింది. కుచ్చిళ్లు సర్దుతూ సర్దుతూ మంచం మీద కూలబడి, "రొమ్ముల జర బరువుగున్నది" అంది. ఆగిపోదామా అన్నాను. బావ గడియారం చూశాడు. "అజీర్తి అయుంటది, పోండ్రి. మాటిచ్చి పోకుంటే ఈయనకు అన్నం సయించది" అని నవ్వింది అక్క. ఇంట్లో వాళ్ల కూతురుంది కదా అన్న ధైర్యంతో బయలుదేరాం.

ఆడిషన్ జరిగే ఆఫీసు గడపలోనే బావ నా ఫోను అడిగి తీసుకున్నాడు. సైలెంట్‌లో పెట్టుకుంటానన్నాను. "సైలెంట్ గాదు, బంద్. బుర్రుమన్నా మైకుల పడుతది. ఒకల పని చెడగొట్టొద్దు మనం" అని రెండు ఫోన్లూ ఆపి జేబులో వేసుకున్నాడు. మొన్న ఆ అమ్మాయికి నేను చెప్పలేకపోయిన మర్యాద ఇదే. మాకంటే ముందు చాలామంది ఉన్నారు. గోడవారన కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక పిలిచారు. ముసలాయన జన్మలో మొదటిసారి వంట చేసి, భార్యకు ముద్ద పెట్టి "ఎట్లున్నదే?" అని అడగాలి, అంతే. బావ ఖాళీ పళ్లెంలోంచి లేని ముద్ద తీసి నా నోటి దగ్గరికి తెచ్చాడు. ఆయన చూస్తున్నది నన్ను కాదు, నా ఒంటి మీది చీరను. నాకు సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి.

బయటికొచ్చాక కూడా హాలులో ఫోను తెరవనివ్వలేదు. లోపల ఇంకొకరి వంతు నడుస్తోంది. గేటు దాటాకే తీశాడు. వెలగగానే మోగింది. పక్కన నిలబడ్డ నాక్కూడా కూతురి గొంతు వినిపించింది. "బాపూ, ఏడ పోయిండ్రు మీరు? పొద్దుగాల్నుంచి కొడుతున్న. అమ్మ పోయింది బాపూ."

అదే చీరతో వచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాను. "దవాఖానకు ఆటోల పోతుంటే దారంత అడిగింది చిన్నమ్మా, బాపు ఫోను ఎత్తిండా, బాపు ఎత్తిండా అని" అంది కూతురు. బావ వాకిట్లోనే నిలబడ్డాడు. ఆ పాలిష్ బూట్లు విప్పమని ఎవరో చెప్పేదాకా ఆయనకు తెలియలేదు.

దినాలు ముగిసిన వారానికి కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. ఎంపికయ్యామట, ఆడిషన్‌లో కట్టిన చీరే తేవాలట. "అక్క పోయి నెల గాలే. నీకు మనసెట్లొస్తున్నది బావా?" అని అరిచాను. "మాటిచ్చిన" అన్నాడు. ఆ ఇంట్లో కూతురు పళ్లెం ఆయన ముందు పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోవడం నేను రోజూ చూస్తున్నాను. పనికి పోతే ఆ పూటన్నా ఎవరో ఒకరు ఆయనతో మాట్లాడతారనిపించింది. సరేనన్నాను. చీర అక్క పెట్టెలో ఉంది. అడిగితే కూతురు తీసి నా చేతిలో పెట్టి, "అమ్మ ఉంటే తనే ఇస్తుండె" అంది. తండ్రి వైపు మాత్రం చూడలేదు.

షూటింగులో ముద్దలు నిజమైనవే. ప్రతి టేకు తర్వాత ఉమ్మడానికి పక్కన బకెట్ పెట్టారు. ఎన్నిసార్లు పెట్టమంటే అన్నిసార్లు పెట్టాడు బావ. "ఎట్లున్నదే?" అనడం ఒక్కసారీ తడబడలేదు. దర్శకుడు వచ్చి భుజం తట్టాడు.

తిరుగు బస్సులో తుర్కయంజాల్ దాటాక అడిగాడు: "ఆనాడు ఫోను బంద్ చెయ్యకుంటే ఏమైతుండె?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఆడిషన్ ఖరాబైతుండె."

"అవ్" అన్నాడు. "గంతే అయితుండె గదా."

ఆ ప్రకటన ఒక ఎండాకాలమంతా టీవీలో వచ్చింది. వచ్చినప్పుడల్లా కూతురు లేచి ఛానల్ మార్చేది. బావ మళ్లీ ఏ ఆడిషన్‌కూ పోలేదు. స్నానానికి పోయినా ఫోను గడప మీద పెట్టుకునేవాడు. అది మోగేది తక్కువ. నిరుడు పోయాడు. చివరి నెలల్లో కూతురే మెత్తగా కలిపి ముద్దలు తినిపించింది. క్షమించిందో లేదో నేను అడగలేదు, తను చెప్పలేదు. కాలమే మాన్పుతుందని ఊరంతా అన్నారు. నా మట్టుకు ఆ రోజు పాతబడింది గానీ గడిచిపోలేదు.