బావ కుర్చీలో మైకు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మంట. పదిహేనేళ్ళుగా విజయనగరంలో హోమ్ థియేటర్లు బిగిస్తున్నాను. స్పీకర్లో వింత శబ్దం వస్తోందని ఎవరైనా అంటే వైరు వదులైందనే చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అదే చెప్తాను, ఒక్క సాలూరు సంగతి తప్ప.

సాలూరులో మా సత్యక్క ఉంటుంది. బావ రమణకి సొంత లారీ. ఏళ్ళ తరబడి ఇంజను రొద విని విని ఆయన చెవులు మందగించాయి. ఎవరికి ఫోన్ చేసినా ముందు "ఇనబడతన్నాదా?" అని అడిగేవాడు. వినబడనిది తనకైతే మమ్మల్ని అడుగుతాడేమిటని మేం ఆటపట్టించేవాళ్ళం.

"ఒరే, పాటలు ఇనబడతన్నాయి గానీ మాటలు ఇనబడట్లేదురా. ఆళ్ళు నోళ్ళాడిస్తన్నారు, నాకేటీ తెలీట్లేదు" అన్నాడోసారి, ఇంట్లో సినిమాలు చూడ్డం గురించి చెప్తూ. సినిమాలో మాటలు చాలావరకు సెంటర్ స్పీకర్లోంచే వస్తాయి. బావకి అది లేదు. ఆయన దగ్గరున్న రెండు స్పీకర్ల కంపెనీదే, కాస్త పెద్దది ఎంచి తీసుకెళ్ళాను.

అది టీవీ కింద, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి దగ్గరగా ఉంటే మంచిది. అక్కడ అమ్మవారి పటం ఉంది. కదిపితే ఊరుకోనంది అక్క. చేసేదిలేక టీవీ పైన పలక కొట్టి, స్పీకరు వెనక చెక్కముక్క పెట్టి, బావ కుర్చీ వైపు కిందికి వంచాను. బావ ఆ పొద్దున్నే ఒడిశా లోడుతో బయల్దేరుతూ, "రేపొచ్చి ఇంటాను, సరిగ్గా పెట్టు" అన్నాడు.

ఆఖరి పని కొలత. కూర్చునేచోట చిన్న మైకు పెడితే, యాంప్లిఫయరు ఒక్కో స్పీకరుకి శబ్దం పంపి తనే సరిచేసుకుంటుంది. అప్పుడు గదిలో చీమ చిటుక్కుమన్నా పనికిరాదు. బావ కుర్చీలో తల ఆనేచోట మైకు నిలబెట్టాను. ఫ్యాను ఆపాను. నా ఫోనూ అక్క ఫోనూ సైలెంట్‌లో పెట్టి వంటింట్లో పడేశాను.

ఎడమది అయింది, కుడిది అయింది. సెంటర్ దగ్గరికొచ్చేసరికి, గదిలో శబ్దం ఉందని టీవీలో చూపించి కొలత ఆగిపోయింది. ఫ్రిజ్ ఆపాను, తలుపులు మూశాను. మళ్ళీ అదే. మూడోసారీ అదే. నాకు చిర్రెత్తుకొచ్చింది.

నాలుగోసారి సెంటర్ స్పీకర్లోంచి బావ గొంతు వచ్చింది.

"ఇనబడతన్నాదా?"

ఆయాసపడుతున్నాడు. గుమ్మంలో ఉన్న అక్క ఉలిక్కిపడి, "ఇనబడతన్నాది! ఎక్కడున్నావయ్యా?" అంది.

"నువ్వుండవే అక్కా! కొలత పాడైపోద్ది, నోరు మూసుకో" అని కసిరాను. అక్క ఫోను బ్లూటూత్‌లో కలిసిపోయిందనుకున్నాను. నిజానికి అప్పటికి యాంప్లిఫయరుకి ఏ ఫోనూ కలపలేదు.

అక్క నోరు మూసుకుంది. అయిదోసారి కొలత ఏ అడ్డూ లేకుండా పూర్తయింది.

వంటింట్లోకెళ్ళి చూస్తే అక్క ఫోన్లో ఏడు మిస్డ్ కాల్స్, నా ఫోన్లో రెండు. అన్నీ బావవే. తిరిగి చేస్తే సాయానికి దిగినవాళ్ళెవరో ఎత్తి చెప్పారు. ఘాట్‌రోడ్డులో లారీ లోయలో పడింది. బావ క్యాబిన్‌లో ఇరుక్కుపోయి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వాళ్ళు కిందికి దిగేసరికి ప్రాణం లేదు.

ఛీ, ఏం బతుకు నాది! ఫోన్లు మోగకుండా చేసింది నేనే.

తర్వాత ఆ యాంప్లిఫయరు విప్పి, ప్రతి వైరూ చూశాను. ఏ లోపమూ లేదు. ఆ గొంతు ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

అక్క నన్ను తిట్టలేదు. వెళ్ళినప్పుడల్లా ఒక్కటే అడుగుతుంది.

"ఆయనకసలే చెవులు మందం. నేనన్నది ఇనబడిందంటావా తమ్ముడూ? ఇంకోసారి గట్టిగా సెప్పేదాన్ని, నువ్వు సెప్పనివ్వలేదు."