సిమెంటు లాంచీ పక్కన లేచిన తిమింగలం

మెట్‌పల్లి పక్క ఊరి మేస్త్రి ఇస్తారి. డెబ్భై ఆరులో మస్కట్ వచ్చాడు. హమ్రియాలో రూమ్, అల్ ఖువైర్‌లో సైట్, ఆ రెండే అతనికి తెలిసిన ఒమన్. ఆ తర్వాతి ఏడు, సూర్ రేవు దాటాక ఒక జాలరి పల్లెలో నీళ్ల ట్యాంకు కట్టే పని కంపెనీకి వచ్చింది. అది పూర్తవగానే ఇస్తారికి ఇంటికి పోయే తొలి ఛుట్టీ. అందుకే, సముద్రమంటే గుండె దడే అయినా, సిమెంటు బస్తాలతో పాటు లాంచీ ఎక్కాడు.

లాంచీలో ముగ్గురు ఇంగ్లీషువాళ్లు కూడా ఉన్నారు. సముద్రంలోని జీవాలను చూడటానికి వచ్చారు. వాళ్లు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలని లాంచీ నడిపే ముసలి ఒమానీకి ముందే హుకుం అందింది. డాల్ఫిన్లు ఎగిరాయని ఆపారు. తాబేలు తేలిందని ఆపారు. నీళ్ల మీద పిట్టల గుంపు వాలిందని ఇంజనే కట్టేశారు.

"ఆగుడు, సూసుడు! ఆగుడు, సూసుడు! నా ట్యాంకు ఎప్పుడు లేస్తది, నేనెప్పుడు ఇంటికి పోత?" అని ఇస్తారి లాంచీ వంటవాడు ఫక్రుద్దీన్ మీద విరుచుకుపడ్డాడు.

"నన్నంటే ఏమొస్తది భాయ్? వాళ్లకు పెద్ద చేప గావాల్నంట. అది దొర్కెదాంక గింతే," అన్నాడు ఆ హైదరాబాదీ.

మధ్యాహ్నానికి గాలి లేచింది. కడుపులో తిప్పి ఇంగ్లీషువాళ్లు కింద గదిలో పడుకున్నారు. లాంచీ ఆగకుండా సాగింది. ఇస్తారి హాయిగా ఊపిరి పీల్చుకుని, బస్తాల మీది టార్పాలిన్ బిగించసాగాడు.

అప్పుడు పక్కనే నీళ్లు నల్లబడ్డాయి. తడిసిన బండలాంటి వీపు ఒకటి లేచింది, లేస్తూనే ఉంది. బుస్సుమని వదిలిన ఊపిరి నీచు వాసనతో అతని మొహాన్ని తడిపింది. ఓ కన్ను అతన్నే చూసింది.

"ఓ ఫక్రు భాయ్! జల్ది రా! అందర్ని పిలువు!" అని గొంతు పగిలేలా అరిచాడు.

ఇంగ్లీషువాళ్లు గోడ పట్టుకుని పైకి వచ్చేసరికి అక్కడ అలలు తప్ప ఏమీ లేవు. ఎంత పొడవు? తోక ఎలా ఉంది? వాళ్ల తరఫున ఫక్రుద్దీన్ అడుగుతుంటే ఇస్తారి చేతులు చాచాడు. చాలలేదు. ఇంగ్లీషువాళ్లలో పెద్దాయన లాంచీని వెనక్కి తిప్పమన్నాడు.

"వద్దు సాబ్! సిమెంటు ఖరాబయితది!" అని ఇస్తారి మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. పొద్దుగూకేదాకా లాంచీ అక్కడక్కడే తిరిగింది. ఒక అల లోపలికి విరుచుకుపడి టార్పాలిన్‌ను ఎగరేసింది. ఇస్తారి బస్తాల మీద బోర్లా పడుకున్నాడు, తన ఒళ్లు అడ్డం పెడితే ఆగుతుందన్నట్టు. తిమింగలం మళ్లీ కనబడలేదు.

పల్లె చేరేసరికి తడిసిన బస్తాలు రాళ్లయ్యాయి. సైట్ సూపర్‌వైజర్ జహీరుద్దీన్‌ది కడప. ఒక బస్తాను కాలితో తన్ని చూసి మండిపడ్డాడు.

"చేపలు చూపించేదానికి పంపినానా నిన్ను? కొత్త సిమెంటు వచ్చేదాకా ఈడ్నే పడుండు. ఛుట్టీ లేదు, గిట్టీ లేదు!"

ఆ రాళ్లను ఇస్తారే సుత్తితో పగలగొట్టి పునాది గుంతలో పోశాడు. వానగాలుల కాలంలో లాంచీలు తిరగవు; కొత్త సిమెంటు అది పోయాక గానీ రాలేదు. ట్యాంకు లేచాక హమ్రియా రూమ్‌కు వచ్చి సంగతి చెబితే, తోటివాడు భూమయ్య నవ్వాడు.

"నోరు మూసుకుంటే అయిపోతుండె గదనే!"

ఆ మాట ఇస్తారి తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఏం లాభం? అంతటి ప్రాణి పక్కన లేస్తే నోరు దానంతటదే తెరుచుకుంది. "నువ్వుంటే తెలుస్తుండె," అని విసురుగా దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.