గో వెంట కమ్

మా ఇబ్రహీంపట్నం బడిలో ఇంగ్లీషు చెప్పిన అహ్మద్ అలీ సారుకు ఒకటే పట్టుదల: 'గో' అనే క్రియ భవిష్యత్తులోకి ఒంటరిగా వెళ్లకూడదు, వెంట 'కమ్' ఉండాల్సిందే. లోకమంతా "ఐ షల్ గో" అంటుంటే, మేము మాత్రం "ఐ షల్ గో అండ్ కమ్" అని పైకప్పు ఎగిరేలా వల్లించేవాళ్లం. నిజాం రాజ్యంలో ఇంత జాగ్రత్త గల వ్యాకరణం ఇంకే ఊరికీ లేదని మా గొప్ప.

"సారూ, కితాబుల 'కమ్' లేదు కదా?" అని నేనే ఒకసారి అడిగాను.

"కితాబు రాసినోడు ఇంట్లకెల్లి ఎట్ల బయలెల్లిండో నాకేమెరుక! మనం 'పోత' అంటమారా? 'పోయొస్త' అంటం. నిన్నటి కాలంల గో వేషం మార్చి 'వెంట్' అయితే ఊకున్న. రేపు పోయి రాకుంటే మాత్రం ఊకోను!"

భవిష్యత్తులన్నిటికీ అదే గతి. ఐ షల్ బీ గోయింగ్ అండ్ కమింగ్. ఐ షల్ హావ్ గాన్ అండ్ కమ్. ఇంట్లో ఆయన భార్య మదీనా బీ ఉప్పు తెమ్మంటే, కూర్చున్నచోటి నుంచి కదలకుండా "ఐ షల్ గో అండ్ కమ్" అనేవారు.

"కమ్ సంగతి తర్వాత, ముందుగాల జర గో!" అని ఆమె సంచీ విసిరేది.

ఒకనాడు పట్నం నుంచి ఇన్‌స్పెక్టరు సాబు తనిఖీకి దిగి, 'గో'కు భవిష్యత్తు చెప్పమన్నాడు. మేము ఛాతీ విరుచుకుని, 'కమ్' దగ్గర ఇంకాస్త గట్టిగా అరిచాం. ఆయన ముఖం మిరపపండయింది. సారును వరండాలోకి పిలిచాడు. నేను కిటికీ పక్కనే కూర్చున్నాను కాబట్టి అంతా వినపడింది.

"గిదేం ఇంగ్లీషు? నౌకరీ చెయ్యాల్నని ఉన్నదా, లేదా?"

సారు గొంతు తగ్గించారు. "సాబ్, ఆ మూలకు కూసున్న పోరన్ని, జంగాను చూసిండ్రా? వాని బాపు 'పోత' అని పట్నం పోయిండు. గత్తర రోగమొచ్చి మళ్ల రాలే. 'షల్ గో' అనమంటే పోరడు వణుకుతుండె. ఒక్కనికే మాట మారిస్తే తక్కినోళ్లు ఎక్కిరిస్తరు. గందుకే అందరికీ మార్చిన. ఇంగ్లీషుకేం కాదు సాబ్, మస్తు పెద్దది."

ఈయన మా సారు అని ఊరంతా తిరిగి చెప్పాలనిపించింది.

ఇన్‌స్పెక్టరు కాసేపు గడ్డం సవరించుకున్నాడు. లోపలికొచ్చి జంగా తల నిమిరి, "మంచిగ చదువుతున్నరు" అన్నాడు. టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగి నవ్వాడు.

"అచ్ఛా పిల్లలూ, ఐ షల్ గో అండ్ కమ్!"

మళ్లీ తనిఖీయా అని సారు అదిరిపడ్డారు.

"వద్దు సాబ్! మీకు కితాబుల ఉన్నదే సరి. యూ విల్ గో!"