మొక్కు ముందే తీరిపోయింది

కోటబొమ్మాళి చుట్టుపక్కల జగన్నాధాన్ని అబద్ధాలకోరని ఎవరూ అనరు. ధాన్యంలో తేమ ఉంటే కొనేవాడు చెయ్యి పెట్టకముందే తనే చెప్పేసే రకం. అందుకే వ్యాపారులకి ఆయనంటే ముద్దు, భార్య తవిటమ్మకి ఒళ్ళు మంట. అలాంటి మనిషి మొన్నటి చలికాలమంతా మా ఊరికి ఒకే అబద్ధం చెబుతూ తిరిగాడు.

కూతురు యమున డాక్టరు చదువు కోసం రెండోసారి నీట్ రాసింది. ఫలితాలొచ్చిన రోజు ఫోను చూసుకుని "క్వాలిఫై అయ్యాను నాన్నా" అంది. ఆ ఒక్క మాటతో జగన్నాధానికి చెవులు మూసుకుపోయాయి. "ర్యాంకు పెద్దది నాన్నా, ఇంకా కౌన్సెలింగ్ ఉంది, సీటు వస్తుందో రాదో" అని ఆ పిల్ల వెనకాలే తిరుగుతూ చెప్పింది. ఆయన వింటేగా! పది పాసైన పిల్లని ఇంటర్లో చేర్చుకోలేదా, ఇదీ అంతే అనుకున్నాడు. ఊళ్ళో మాకూ అంతకన్నా తెలివేమీ లేదు.

డాక్టరు సీటు వస్తే అసిరితల్లికి మేకపోతును ఇస్తానని ఆయన మొక్కుకుని ఉన్నాడు. మొక్కు తీరాక ఊరందరికీ భోజనం పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. వచ్చే ఆదివారమే తీర్చేస్తానని కూర్చున్నాడు. యమున వద్దని బతిమాలింది. "అమ్మోరి మొక్కు ఉంచీకూడదే గుంటా, కోపమొస్తాది" అని కొట్టిపారేశాడు. మేమంతా సుష్టుగా తిని, చేతులు కడుక్కుని, "డాక్టరమ్మా, వస్తాం" అని పిలిచి మరీ ఇళ్ళకి పోయాం. ముసలి దాలమ్మ అయితే మోకాలు చూపించి మందు రాయమంది. యమున తలెత్తకుండా విస్తళ్ళు ఎత్తుతూ ఉండిపోయింది.

తర్వాత సీట్ల జాబితాలు మొదలయ్యాయి. మొదటిదాంట్లో పేరు లేదు. ఆ తర్వాతదాంట్లోనూ లేదు. చివరిది కూడా చూసి యమున ఫోను బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్ళి పప్పుకి పోపు పెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే దగ్గరకి తీసుకునేవాడేమో గానీ, జగన్నాధానికి ఆ క్షణంలో కూతురు గుర్తు రాలేదు. తన పెరట్లో బంతుల్లో కూర్చుని తిన్న ముఖాలు గుర్తొచ్చాయి. పెట్టిన భోజనాన్ని వెనక్కి తీసుకోవడమెలాగో ఆయనకి తెలీలేదు.

టీ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. పొలానికి వీధిలోంచి కాకుండా కాలవ గట్టు మీంచి పోయేవాడు. అక్కడా టీ కొట్టు ధనరాజ్ సైకిలు మీద ఎదురయ్యాడు. "మావా, గుంట కాలేజీకి ఎప్పుడెల్తాది?" అని అడిగాడు. "రేపో మాపో" అనేశాడు జగన్నాధం. అన్నాక ఆ మాటని నిలబెట్టుకోవాల్సి వచ్చింది. వారం తిరక్కుండా యమునని బట్టల సంచితో రైలెక్కించి, కొత్తవలసలో ఉన్న చెల్లెలి ఇంట్లో దింపి వచ్చాడు. ఊళ్ళో మాత్రం కాలేజీలో చేరిందన్నాడు. ఏ కాలేజీ అని అడిగితే, విశాఖపట్నం అవతల అన్నాడు.

తవిటమ్మ ఊరుకోలేదు. "అదేటి తప్పు సేసినాదని దాసినావు?" అని నిలదీసింది.

"కొన్నాళ్ళే కదే. మల్లీ రాసి సీటు తెచ్చుకున్నాదనుకో, ఇదంతా ఎవులికి తెలుస్తాది?" అన్నాడు.

కొత్తవలసలో మేనత్త గాజుల కొట్టులో యమున కూర్చునేది. ఫోను చేస్తే "బాగున్నాను నాన్నా" అనేది. ఇంటికొస్తానని ఒక్కసారీ అడగలేదు. అడగనందుకు ఆయనకి హాయిగా ఉండేది. హాయిగా ఉన్నందుకు అన్నం దిగేది కాదు.

ఇంతలో అసిరితల్లి పండగ దగ్గరపడింది. మొక్కు ఎవరి పేరున తీరిందో వాళ్ళే ఆ ఏటి పండక్కి అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగాలి. ఇది దాలమ్మకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. విత్తనాలకని బజారుకొచ్చిన జగన్నాధాన్ని టీ కొట్టు ముందే పట్టుకుంది.

"ఏరా, గుంటని ఎప్పుడు రప్పిస్తన్నావు?"

"పరీచ్చలున్నాయి పెద్దమ్మా. అవదు."

"ఒక్క పూట సెలవివ్వరేటి? ఫోను సెయ్యి. నానడుగుతాను."

తప్పించుకునే దారి లేకపోయింది. దాలమ్మకి చెవులు సరిగా వినబడవు కాబట్టి ధనరాజే ఆయన ఫోను తీసుకుని, యమునకి కలిపి స్పీకరు పెట్టాడు. కొట్టు దగ్గరున్న మేమంతా దగ్గరికి జరిగాం.

"ఏటే డాక్టరమ్మా! ఏ కాలేజీలో ఉన్నావే?"

యమున మెల్లిగా అడిగింది. "మా నాన్న ఏటని సెప్పినాడు మామ్మా?"

"విశాపట్నం అవతలన్నాడు."

"అదే మామ్మా. అక్కడే ఉన్నాను."

జగన్నాధం ముఖం మాడిపోయింది. నిజం చెబుతూ తన వెనకాల తిరిగిన పిల్ల, ఇప్పుడు తన అబద్ధం ఏమిటో కనుక్కుని మరీ దాన్నే చెబుతోంది. గభాలున ఫోను లాక్కున్నాడు.

"నేదు పెద్దమ్మా. సీటు రానేదు. గుంట కొత్తవలసలో మా సెల్లి కాడున్నాది. నానే దాసినాను. మీకు ముకం సూపించనేక."

మొక్కు భోజనం తిన్న వాళ్ళమే అందరం. ఎటు చూడాలో తెలీక టీ గ్లాసులు చూసుకున్నాం. దాలమ్మ ఒక్కతే ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"సీటు రాకపోతే గుంట ఇంట్లో ఉండకూడదేట్రా?" అంది.

ఫోనులోంచి యమున గొంతు వచ్చింది.

"నాన్నా, అందరూ విన్నారా?"

"విన్నారమ్మా."

"అయితే నానింక మనింటికి వచ్చీయొచ్చా?"

జగన్నాధం తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రమ్మని దాలమ్మే చెప్పింది.