నక్క కోసం పెట్టిన క్యాసెట్

అరబ్బు దేశంలోని ఖురియాత్‌లో, మేం అర్బాబు అని పిలిచే యజమాని తోటలో ఒక నక్క మేకపిల్లలను ఎత్తుకుపోతోంది. దాన్ని రప్పించడానికి, మా రూమ్‌లోకి కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్ రాజయ్య ఒక యంత్రం చేశాడు. టేప్ రికార్డరుకు పికప్ బండి బ్యాటరీ, మైకు గొట్టం తగిలించి, తల్లి నుంచి విడదీసిన మేకపిల్ల ఏడుపును క్యాసెట్లో నింపాడు.

ఈ సాయంత్రం ఖర్జూరపు చెట్ల మధ్య దాన్ని మోగించాం. అర్బాబు తుపాకీ పట్టుకుని కూర్చున్నాడు. నక్క నిజంగానే వచ్చింది. అంతలో ఏడుపు అయిపోయి, గొట్టంలోంచి నా భార్య గొంతు గట్టిగా వినపడింది. "పైలంగ ఉండు. ఎండల తిరగకు." నక్క పారిపోయింది.

"యే కౌన్ హై?" అని అర్బాబు నవ్వాడు.

"నీ పెట్టె మీదున్నది ఖాళీ క్యాసెట్ అనుకున్న కాకా," అన్నాడు రాజయ్య. "ఇంకోటి నింపి పంపుమని చిన్నమ్మకు రాయి."

"ఆమె పోయి ఏడాదాయెరా."

రూమ్‌కు వచ్చి విన్నాను. చివరి ముక్కే మిగిలింది. మొదట్లో ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది. మా దగ్గర ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. క్యాసెట్ నింపేటప్పుడు నా తమ్ముడు బలవంతపెడితే, సిగ్గుపడుతూ ఆ ఒక్కసారే పలికింది. ఇప్పుడు అక్కడ మేకపిల్ల అరుస్తోంది.

ఈ పూటకు మేకపిల్లలు బతికాయి, ఆమె పుణ్యమే. ఇంటి నుంచి వచ్చిన క్యాసెట్ల మీద మీరు పేరు రాసుకున్నారా? నేను రాయలేదు. ఆమె పేరు రాయడానికి నాకూ సిగ్గేసింది.