పేరు లేని నోటీసు

చాలా ఏళ్లుగా ఒక నల్లబోర్డును మోస్తున్నాను. ఎవరికీ కనిపించదు. మీకు చూపిస్తాను.

ఒకప్పుడు మా ఇంటి అరుగు ముందు చెప్పులు విప్పి నిలబడినవాళ్ల కొడుకు దగ్గరే, గురజాల వైపు సున్నపురాయి క్వారీలో, నేను గుమాస్తాగా చేరాను. పొలాలు పోయాయి, ఇల్లు పోయింది. మిగిలింది నా రాత ఒక్కటే అనుకునేవాడిని. అందుకే బోర్డు మీద చిన్న నోటీసునైనా మా తాతగారి ఉత్తరంలా రాసేవాడిని. పైన యజమానుల పేర్లు, గౌరవాలతో. తర్వాత 'సవినయముగా తెలియజేయునది ఏమనగా'. అడుగున ఇంటిపేరుతో సహా నా పేరు, పెద్ద అక్షరాల్లో. అసలు విషయం మధ్యలో ఎక్కడో ఇరుక్కునేది.

రాళ్లు ఏరే రమణమ్మ కూడబలుక్కుని చదివేది. ఒకరోజు బోర్డు ముందు నిలబడి నవ్వింది.

"అయ్యా, ఈ పేర్లన్నీ దాటేసరికి పొద్దు గూకుద్ది. ఇదేమన్నా పెళ్లికార్డా ఏంది? రాయి ఎప్పుడు పేలుద్దో అది పైన రాయొచ్చుగా!"

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

"ఏమే, నాకు రాయడం నేర్పుతావా? మా ఇంటి రాత ఇట్టాగే ఉంటది. చేతగాకపోతే ఎవరిచేతన్నా చదివించుకో."

ఆమె అన్నది నిజమని నాకు తెలియదా? తెలుసు. తెలుసు కాబట్టే మర్నాటి నుంచి పైన పేర్లకు ఇంకో వరస పెంచాను.

ఆ వారంలోనే, రాయి పేల్చేముందు మోగే సైరన్ పాడైంది. సాయంత్రం పేల్చవలసింది మధ్యాహ్నానికి మార్చారు. బోర్డు మీద రాయమన్నారు. రాశాను, నా పద్ధతిలోనే. రమణమ్మ వచ్చి, పేర్ల దగ్గర కాసేపు తంటాలు పడి, రోజూ ఉండేదే అనుకుని క్వారీ గుంటలోకి దిగింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్క కేక వేస్తే సరిపోయేది. అడిగితే చెబుదాంలే అని కుర్చీలోంచి లేవలేదు. మిగతావాళ్లు మేస్త్రి పిలిస్తే పైకి వచ్చేశారు. ఆమె ఆ పిలుపు వినపడక అవతలి మూలన ఉండిపోయింది.

ఎగిరిన రాయి ఆమె మోకాలిని నుజ్జు చేసింది.

అందరూ గుంట వైపు పరిగెత్తారు. నేను బోర్డు దగ్గరికి వెళ్లాను. తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాశాను: 'ఈ రోజు మధ్యాహ్నమే పేలుస్తారు. గుంటలోకి దిగవద్దు.' అంతే. పైన ఎవరి పేర్లూ లేవు. కింద నా పేరూ లేదు. నా జన్మలో అంత తేటగా రాయడం అదే మొదలు.

పాత నోటీసు ఎవరికీ గుర్తులేదు. చివరిదాకా చదివినవాళ్లుంటే కదా. మేనేజరు కొత్తదాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటోనే ఆమెకు చూపించి, తప్పు ఆమెదేనని తేల్చారు. పరిహారం ఇవ్వలేదు.

ఇప్పుడు ఆమె నడికుడి స్టేషన్ బయట జామకాయలు అమ్ముతుంది. నన్ను చూస్తే, ఆ కాలుతోనే లేవబోతుంది. "నాదే పొరపాటయ్యా. అంత చక్కగా రాసి పెడితే నా కళ్లకి ఆనలా" అంటుంది. నేను తల ఊపుతాను. వంచను, ఊపుతాను. తల వంచడం మా ఇంట్లో లేదు అనుకుంటాను. ఏ ఇంట్లో? ఇల్లెక్కడుంది?

ఇంతసేపూ ఏం చేశానో చూశారా? పైనే రాయవలసిన మాటను మళ్లీ అడుక్కి తోశాను. ఇదిగో అది. రమణమ్మ చూసిన బోర్డు వేరు. ఆమెకు దెబ్బ తగిలాక నేను మార్చాను.

రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. కింద పేరు మాత్రం ఈసారి కూడా లేదు.